చిన్న అర్రలో పని బల్లే శిల్పం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లోనే ఆఫీసు పెట్టుకుంటున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. అందరిదీ దాదాపు ఒకే కోరిక. చోటు తక్కువే, కానీ బల్లా గోడా కొనితెచ్చిన డబ్బాల్లా కాకుండా చేత్తో మలిచినట్టు ఉండాలి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాటిలో కొలతలు రాసి పంపినవాటిని ముందుగా తీసుకున్నాం.

ప్రశ్న: హనుమకొండలో మాది చిన్న ఇల్లు. పని కోసం అనుకున్న అర్ర 9 ఫీట్ల పొడవు, 8 ఫీట్ల వెడల్పు. ఒక పొడవు గోడకు బీరువా ఉంది. ఎదుటి గోడకు కిటికీ మూల నుంచి దర్వాజ వైపు 5 ఫీట్లు ఖాళీ. వంపు తిరిగిన బల్ల చేయించాలని ఉంది. మా వడ్లాయనేమో "ప్లైవుడ్ వంగదమ్మా, మూలలే వస్తయి" అంటున్నడు. నిజమేనా?

జవాబు: వంగుతుంది. ఎట్లా వంచాలో కింద రాశాం. ముందు ఆకారం తేలాలి.

చిన్న అర్రలో శిల్పం పెట్టుకోవడానికి విడిగా చోటు దొరకదు. రోజూ మోచేతులు ఆనించే బల్లే శిల్పం కావాలి. మిగతావన్నీ దాని ముందు తగ్గి ఉండాలి. బల్లకు ఒక వంపు, అల్మారకు ఇంకో ఆర్చీ, సీలింగుకు మరో గుండ్రం పెట్టారంటే మూడింటిలో ఏదీ కంటికి ఆనదు. అర్ర ఇంకా ఇరుకుగా కనబడుతుంది.

మీ మూలకు మామిడిపిందె ఆకారం బాగా నప్పుతుంది. వెనక అంచు గోడకు ఆనే తిన్నని గీత, 60 అంగుళాలు. కిటికీ మూలలో తల వైపు 26 అంగుళాల వెడల్పు, దర్వాజ వైపు తోక దగ్గర 10 అంగుళాలు. ముందు అంచు తల దగ్గర నిండుగా ఉండి, తోక దాకా ఒకే ఊపులో సన్నబడాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలైనట్టు ఉంటే చెయ్యి వేసి నిమిరినప్పుడే తెలిసిపోతుంది. తోక సన్నగా ఉండడం వల్ల లోపలికి వచ్చేవాళ్ల తుంటికి బల్ల తగలదు. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి బల్ల అంచు నుంచి కనీసం 30 అంగుళాలు కావాలి. మీ 8 ఫీట్ల వెడల్పులో బల్లకు 26, బీరువాకు 20 పోను 50 మిగులుతుంది కాబట్టి బీరువా తలుపు కూడా హాయిగా తెరుచుకుంటుంది.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. కూర్చునే చోట అర్ధచంద్రంలా 8 అంగుళాలు లోపలికి కోయిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మనిషి ఆ 8 అంగుళాలు ముందుకు జరుగుతాడు, తెర మాత్రం గోడ దగ్గరే ఉంటుంది. కంటికీ తెరకూ కనీసం 20 అంగుళాలు ఉండాలన్న లెక్క అక్కడే చెడుతుంది. 26 అంగుళాల బల్లకు లోపలి కోత 3 అంగుళాలు దాటొద్దు.

ఎత్తు మీ ఒంటి నుంచి తీసుకోండి. మీరు వాడబోయే కుర్చీలోనే కూర్చుని, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, మోచేతులు తొంభై డిగ్రీలు మడిచి, నేల నుంచి మోచేయి కింది భాగం దాకా కొలిపించండి. బల్ల పైభాగం అదే. వడ్లాయన అలవాటుగా 30 అంగుళాలు పెట్టేస్తాడు. పొట్టివాళ్లకు అది భుజాలు పైకి లేపే ఎత్తు. సాయంత్రానికి మెడ పట్టేసేది అందుకే.

ప్లైవుడ్ కొనకముందు ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి, పిందెను అసలు కొలతల్లో గీసి కోసి, స్టూళ్ల మీద ఆ ఎత్తులో రెండు రోజులు పెట్టి చూడండి. రాత్రి లైటు వేయకుండా అర్రలోకి నడిచి చూడండి. తొడకు ఎక్కడ తగిలితే అక్కడ గీత మార్చండి. ఆ అట్టే తర్వాత వడ్లాయనకు అచ్చు అవుతుంది.

పైపలకకు 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు అతికించాలి. 8×4 షీటు ఒక్కటి చాలు. మొదటి పిందెను గీసి, రెండోదాన్ని తలకిందులుగా తిప్పి వంపులు ఎదురెదురుగా వచ్చేట్టు గీస్తే, రెండూ షీటు 4 ఫీట్ల వెడల్పులోనే ఇమిడిపోతాయి. షీటు పొడవులో 3 ఫీట్ల ముక్క మిగులుతుంది, కాలు లోపలి చట్రాలకు అది పనికొస్తుంది. రెండు పొరలు కలిస్తే అంచు 36 మి.మీ. మందం వస్తుంది, చూడ్డానికి మొద్దుగా ఉంటుంది. పై అంచును కొద్దిగా గుండ్రం చేయించి, కింది అంచును లోపలికి ఏటవాలుగా చెక్కించండి. బల్ల గాలిలో తేలినట్టు సన్నగా కనబడేది ఆ కింది కోతతోనే. మామూలు లామినేట్ ఇంత చిన్న వంపు చుట్టూ తిరగదు, పగులుతుంది. అంచుకు వెనీర్ (అసలు చెక్క నుంచి తీసిన పలుచని పొర) పట్టీ వేయించండి. లేదా ప్లైవుడ్ పొరల గీతలనే నున్నగా రుద్దించి పైన పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కొట్టించండి. పొరల గీతలు కనబడే అంచే మాకు ఎక్కువ నచ్చుతుంది, వంపు ఎట్లా తిరిగిందో అవే చూపిస్తాయి.

బల్లకు ఆధారం మూడు చోట్ల. వెనక గోడకు 2×1 అంగుళాల టేకు బద్ద, తల పక్క గోడకు అట్లాంటిదే ఇంకోటి, తోక వైపు ఒక్కటే కాలు. ఆ కాలే మీ వంపు పని. 14 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు కోడిగుడ్డు ఆకారంలో 18 మి.మీ. చట్రాలు మూడు కోయించండి. అడుగున ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి. వాటిని నిలువు బద్దలతో కలిపి, చుట్టూ ఫ్లెక్సీ ప్లై (వంగేలా చేసిన ప్లైవుడ్) చుట్టించాలి. చుట్టుకొలత దాదాపు 38 అంగుళాలు. ఫ్లెక్సీ ప్లై ఒక్క వైపుకే వంగుతుంది. ఏ దిక్కుకు వంగేది కావాలో దుకాణంలోనే వంచి చూసి తీసుకోండి, ఇంటికొచ్చాక తెలిస్తే షీటంతా వృథా. అతుకు గోడ వైపు రావాలి. జిగురు పెట్టాక తాళ్లతో బిగించి రాత్రంతా వదిలేయండి. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి వెనక చిన్న తలుపు పెట్టి వైర్లు, ప్లగ్గుల పట్టీ అందులో దాచొచ్చు. కానీ అడుగున, పైన గాలి ఆడేట్టు రంధ్రాలు వదలాలి. చార్జర్ వేడికి మూసిన డబ్బా మంచిది కాదు.

ఫ్లెక్సీ ప్లై దొరకకపోతే గాట్ల పద్ధతి ఉంది. 18 మి.మీ. ప్లైకి వెనక నుంచి 15 మి.మీ. లోతు గాట్లు వేయాలి. బ్లేడు కోత 2 మి.మీ. అయితే, ఒక్కో గాటు మూసుకున్నప్పుడు చెక్క ఏడున్నర డిగ్రీలు తిరుగుతుంది. అంటే తొంభై డిగ్రీల మలుపుకు 12 గాట్లు. మిగిల్చిన పొర 2 మి.మీ. కంటే తగ్గితే విరుగుతుంది, 4 దాటితే వంగనని మొరాయిస్తుంది. బయటి వైపు తడిగుడ్డ పెట్టి నెమ్మదిగా వంచాలి. గాటు గాటుకూ సన్నని మూల కనబడుతుంది, దాన్ని రుద్దో వెనీర్ వేసో సరిచేయాలి. "మూలలే వస్తయి" అని మీ వడ్లాయన అన్నది బహుశా దీని గురించే.

ప్రశ్న: గోదావరిఖని. కాళ్లు లేకుండా గోడలోంచి మొలిచినట్టు బల్ల కావాలి. గోడ బూడిద ఇటుకలది, ఒక వైపు 9 అంగుళాలు, ఇంకో వైపు నాలుగున్నర. ఏ గోడకు వేయాలి? కింద బ్రాకెట్ కనబడకుండా చేయొచ్చా?

జవాబు: 9 అంగుళాల గోడకే వేయండి. బ్రాకెట్ దాచాలన్న పట్టుదల వదులుకోండి. రామప్ప గుడికి పోయినప్పుడు బయటి స్తంభాల దగ్గర తలెత్తి చూడండి. స్తంభానికీ చూరుకూ నడుమ ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) కనిపిస్తాయి. ఆ గుడి 1213 నాటిదని అక్కడి శాసనం. ఆధారం ఉండాల్సిన చోటునే అందంగా చేశారు. మీ బల్లకు కూడా గోడ నుంచి ఏటవాలుగా లేచే ఇనుప బ్రాకెట్‌ను శిల్పం చేయొచ్చు.

అందం కంటే ముందు లెక్క. 24 అంగుళాల బల్ల చివర 80 కిలోల మనిషి ఆనుకుని కూర్చున్నాడనుకోండి. బ్రాకెట్ నిలువు భాగంలో పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 4 అంగుళాలే ఉంటే, పై బోల్టులను గోడలోంచి పీకే బలం 80ని 24తో హెచ్చించి 4తో భాగిస్తే 480 కిలోలు. అదే దూరం 14 అంగుళాలైతే దాదాపు 137. బల్ల అదే, మనిషి అదే. నిలువు కాలు పొడుగైతే గోడ మీద భారం మూడింతలకు పైగా తగ్గింది. దుకాణాల్లో దొరికే పొట్టి బ్రాకెట్లు ఏడాదికే వదులై బల్ల ముందుకు వాలేది ఇందుకే. మనిషి ఒక చివరన కూర్చుంటే భారమంతా ఒక్క బ్రాకెట్ మీదే పడుతుంది, అందుకే రెండింటికీ సగం సగం అని లెక్క వేయొద్దు.

కాబట్టి వెల్డింగ్ షాపులో 50×6 మి.మీ. ఇనుప పట్టాతో చేయించండి. నిలువు 16 అంగుళాలు, అడ్డం 20 అంగుళాలు, రెంటినీ కలిపే ఏటవాలు పట్టాకు కొద్దిపాటి వంపు. వంపు ఎక్కువైతే విల్లులా ఇంకా వంగాలని చూస్తుంది. తిన్నని గీత నుంచి నడుమ 2 అంగుళాల కంటే ఎక్కువ ఉబ్బనివ్వొద్దు, ఆ పట్టాను మాత్రం 8 మి.మీ. మందంలో తీసుకోండి. రెండు బ్రాకెట్ల మధ్య 42 అంగుళాలు వదిలితే మోకాళ్లకు తగలవు.

బిగింపులో జాగ్రత్త. పైన ఉన్న ప్లాస్టర్ బలం లెక్కలోకి రాదు. బోల్టు ఇటుకలోకి 3 అంగుళాలు దిగాలి, ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడకూడదు. బూడిద ఇటుకలో విచ్చుకునే రకం బోల్టును గట్టిగా బిగిస్తే ఇటుకే చీలొచ్చు. రసాయన జిగురుతో పెట్టే 10 మి.మీ. మర రాడ్డు మేలు. దానికి 12 మి.మీ. రంధ్రం. రంధ్రంలో పొడి పోయేట్టు గాలి ఊది, బ్రష్‌తో రెండుసార్లు దులిపి, మళ్లీ గాలి ఊదాలి. జిగురు పట్టకపోవడానికి చాలావరకు కారణం ఆ పొడే. ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆగకుండా నట్టు బిగించొద్దు.

తప్పనిసరై నాలుగున్నర అంగుళాల గోడకే వేయాల్సి వస్తే, అవతలి వైపు కూడా మీ ఇల్లే అయితే, రాడ్డును గోడ ఆర్‌పార్ దించి వెనక 4×4 అంగుళాల ఇనుప ప్లేటు వేసి బిగించండి. అవతల పొరుగింటివాళ్లు ఉంటే మాత్రం కాలు పెట్టుకోవడమే మంచిది.

ప్రశ్న: జగిత్యాల. మెట్ల కింద ఖాళీలో ఆఫీసు చేసి, లోపలంతా గుహలా మూలలు లేకుండా సున్నపు పూతతో మలిపించాలని కోరిక. ఒక గోడకు కొంచెం చెమ్మ ఉంది.

జవాబు: కోరిక బాగుంది. కానీ మెట్ల కింద చెడేది పూత కాదు, కూర్చునే దిక్కు. మెట్టు ఎత్తు 7 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు అయితే, మీరు లోపలికి పోయే ప్రతి 24 అంగుళాలకు నెత్తి మీది స్లాబు దాదాపు 17 అంగుళాలు దిగుతుంది. బల్ల ముందు అంచు దగ్గర 60 అంగుళాల ఎత్తు ఉంటే, వెనక 43 అంగుళాలే మిగులుతుంది. 29 అంగుళాల బల్ల మీద మామూలు మానిటర్ అక్కడ పట్టదు. అందుకని మొహం పల్లం వైపు పెట్టి కూర్చోకండి. పక్క గోడ వైపు తిరిగి కూర్చోండి. అప్పుడు స్లాబు మీ ఎడమ నుంచి కుడికి దిగుతుంది, తెర ఎత్తైన వైపు, ఫైళ్లు, ప్రింటరు పల్లపు వైపు. కుర్చీ ఉండే చోట లేచి నిలబడితే తల తగలకుండా 6 ఫీట్లు ఉండాలి. ఉందో లేదో ముందు కొలవండి, లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు.

ఇక చెమ్మ. సున్నపు పూత గాలి పీల్చుకుంటుందన్నది నిజమే, కానీ కారే పైపును అది బాగుచేయదు. రెండు ఫీట్ల పాలిథీన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీటి బొట్లు పడితే తడి లోపలి నుంచి వస్తోంది. అవతల బాత్రూమో ట్యాంకు పైపో చూసుకుని సరిచేసి, గోడ ఆరాకే పూత.

పాత రంగు, పుట్టీ పూర్తిగా గీకించి, గోడను సుత్తి మొనతో దగ్గర దగ్గరగా గంట్లు పెట్టించాలి. నున్నటి పుట్టీ మీద సున్నం పట్టదు, ఎండిన తర్వాత తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది. మూలలు గుండ్రంగా రావాలంటే అక్కడ కోడి జాలీని వంచి మేకులతో బిగించి, ఆ వెనక ఖాళీని ఇటుక ముక్కలు కలిపిన సున్నంతో నింపించండి. మూల మొత్తాన్ని ఒకే మందపాటి పూతతో నింపాలని చూస్తే పగులుతుంది. మలిచే పనిలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపలిది పచ్చిగానే ఉంటుంది.

సున్నం కనీసం మూడు వారాలు నీటిలో నానినదై ఉండాలి. మొదటి పూత ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, 10 మి.మీ. రెండోది ఒకటికి రెండు, 5 మి.మీ. చివరిది సున్నం, చలువరాతి పొడి సమంగా, 2 మి.మీ. 40 చదరపు ఫీట్లకు నానిన సున్నం 30 లీటర్లు, జల్లించిన ఇసుక 60 లీటర్లు, చలువరాతి పొడి 8 లీటర్ల దాకా పడుతుంది. పూతకూ పూతకూ మధ్య వారం రోజులు, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరిస్తూ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వడగాలికి పూత ఒక్క మధ్యాహ్నంలో ఎండి వెంట్రుకల్లాంటి పగుళ్లు ఇస్తుంది. తడి గోనెసంచులు వేలాడదీస్తే గానీ ఆగదు. వర్షాలు తగ్గాక మొదలుపెట్టడం అన్నిటికంటే మేలు. ఎర్రమట్టి రంగు కావాలంటే సున్నం బరువులో నూటికి ఐదు పాళ్లు దాటకుండా రంగుపొడి కలపాలి, ఎక్కువైతే చేతికి అంటుకుంటూ ఉంటుంది. చివరి పూతను పచ్చి మీదే నున్నటి గులకరాయితో గుండ్రంగా రుద్దే సుతారి దొరికితే అతన్నే పట్టుకోండి, ఆ మెరుపు ఏ రంగు డబ్బాలోనూ రాదు.

సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, నెత్తి మీద పూసేటప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పని అయ్యాక నెల రోజుల దాకా కంప్యూటర్ లోపల పెట్టొద్దు, గోడ ఇంకా తడిని వదులుతూనే ఉంటుంది.

ప్రశ్న: కరీంనగర్. మాకు గ్రానైట్ దగ్గరే. టాన్ బ్రౌన్ పలకతో బల్ల చేయిస్తే బరువుగా, శిల్పంలా ఉంటుందనుకుంటున్నాం.

జవాబు: బరువుగా అయితే కచ్చితంగా ఉంటుంది. 18 మి.మీ. గ్రానైట్ చదరపు ఫీటుకు నాలుగున్నర కిలోలకు పైనే. 5×2 ఫీట్ల పలక 45 కిలోలు దాటుతుంది. ఆ బరువు కంటే కూడా రాయి స్వభావం చూడాలి. ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోదు. ఆధారం దాటి 6 అంగుళాల కంటే ఎక్కువ బయటికి వదలొద్దు. వైర్ల రంధ్రం గుండ్రంగానే ఉండాలి, అంచుకు 4 అంగుళాలు దూరంగా ఉండాలి. చతురస్రంగా కోయిస్తే పగులు ఆ మూలలోంచే మొదలవుతుంది, చాలాసార్లు మోసుకొచ్చేటప్పుడే.

నిగనిగలాడే పాలిష్ మీద కిటికీ, బల్బు రెండూ కనబడి కంటికి గుచ్చుకుంటాయి, మౌసు కూడా సరిగా నడవదు. గ్రానైటే కావాలంటే లెదర్ ఫినిష్ (నిగనిగ లేని, తోలులాంటి పైభాగం) అడగండి. పుష్యమాసపు చలికి పొద్దున్నే ముంజేతులు పెట్టలేరన్నది ఇంకో ఇబ్బంది. టాన్ బ్రౌన్‌లో గోధుమ, నలుపు చుక్కలు దట్టంగా ఉంటాయి కాబట్టి వంపు గీత వాటిలో కలిసిపోయి కనబడదు. మా సలహా అయితే గ్రానైట్‌ను కాలుకు వాడండి. 28 అంగుళాల ఎత్తు పలకలు రెండు, పైనుంచి చూస్తే కొద్దిగా విచ్చుకున్న పుస్తకంలా నిలబెట్టి, చేతులు పెట్టే పైభాగం టేకుతో చేయించండి. రాతికీ చెక్కకూ నడుమ 3 మి.మీ. రబ్బరు బిళ్లలు వేయాలి.

ప్రశ్న: మంచిర్యాల. 4 ఫీట్ల బాల్కనీని మూసి ఆఫీసు చేసుకుంటే, జాలీ మీద సిమెంటు పూసి వంపు గోడ కట్టించొచ్చా?

జవాబు: వద్దు. జాలీ వేసి 25 మి.మీ. మందంతో కట్టిన సిమెంటు గోడ చదరపు ఫీటుకు ఐదున్నర కిలోలు. 10 ఫీట్ల పొడవు, 7 ఫీట్ల ఎత్తు గోడ 385 కిలోలవుతుంది, అదీ స్లాబు చిట్టచివరి అంచు మీద. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ స్లాబుకు ఆ బరువు లెక్కలో ఉండదు. దాని ముఖ్యమైన సలాకలు పై భాగంలోనే ఉంటాయి కాబట్టి నేల చెక్కడం, లోతుగా డ్రిల్ చేయడం కూడా చేయొద్దు. బయటికి అల్యూమినియం ఫ్రేమూ, జారే అద్దాలూ చాలు. వాటికి అవతల గట్టి జాలీ వేయించండి, కోతులు జారే తలుపును చేత్తో తోసి లోపలికి రావడం మీ ఊళ్లో కొత్తేమీ కాదు. వంపు పనంతా ఇంటి గోడ వైపు, తేలికపాటి ఫ్లెక్సీ ప్లైతో చేయించుకోండి.

ప్రశ్న: వరంగల్. తూర్పు మొహంగా కూర్చోవాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. కిటికీ కూడా తూర్పుకే ఉంది.

జవాబు: పెద్దల మాట ఉంచుకోవచ్చు, కిటికీని మాత్రం సరిగ్గా ఎదుట పెట్టుకోకండి. పొద్దున పది దాకా ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, తెర మసకబారినట్టు అనిపిస్తుంది. బల్లను రెండు ఫీట్లు పక్కకు జరిపి, కిటికీ కింది సగానికి పాలరంగు మసక అద్దం వేయించండి. ఉత్తరం కూడా మంచిదేనని వాస్తు నమ్మేవాళ్లూ ఒప్పుకుంటారు. ఉత్తరపు కిటికీ వెలుతురు ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకే తీరుగా ఉంటుంది. మన అక్షాంశంలో మే మధ్య నుంచి జూలై చివరి దాకా మాత్రం నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, ఆ రోజులకు పైన చిన్న సజ్జ ఉంటే సరి.

ప్రశ్న: కాజీపేట. బల్ల వెనక గోడకు నిలువు గాడుల ప్యానెల్ వేయించాం. పగలు బాగుంది, రాత్రి ట్యూబులైటు వేస్తే చదునుగా, వెలవెలబోతోంది.

జవాబు: ప్యానెల్ తప్పు కాదు, లైటు ఎదుటి నుంచి పడుతోంది. గాడుల్లో నీడ లేకపోతే అవి ఉన్నట్టే తెలియదు. 1163లో కట్టిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో మండపానికి వెలుతురు పక్కల నుంచి వస్తుంది. నున్నటి నల్లరాతి స్తంభాల మీద ఒక్కో మెలి విడివిడిగా కనబడేది ఆ పక్క వెలుతురుకే. మీ గోడకూ అట్లాగే చేయండి. గాడులు నిలువుగా ఉన్నాయి కాబట్టి లైటు పై నుంచి కాకుండా ఒక పక్క నుంచి రావాలి. పై నుంచి వేస్తే వెలుతురు గాడి వెంటే జారిపోతుంది, నీడ పడదు. ప్యానెల్ ఒక పక్క అంచున, గోడకు 3 నుంచి 4 అంగుళాలు ముందుకు, నిలువుగా అల్యూమినియం పట్టీలో ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టించండి. బల్బు చుక్కలు నేరుగా కనబడకుండా పట్టీ మీద పాలరంగు మసక మూత ఉండాలి. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్ రెండు మీటర్లయితే 20 వాట్లు, డ్రైవర్ (స్ట్రిప్‌కు కరెంటు అందించే పెట్టె) 25 నుంచి 30 వాట్లది తీసుకోండి. సరిగ్గా 20 వాట్లదే పెడితే వేడెక్కి త్వరగా పోతుంది. గోడకు 3000 కెల్విన్ వెచ్చని రంగు, బల్ల మీద చదివే దీపానికి 4000 కెల్విన్.

ఒక్క హెచ్చరిక. పక్క వెలుతురు అందాన్ని ఎంత చూపిస్తుందో గోడ గుంతల్ని, పుట్టీ మరకల్ని కూడా అంతే చూపిస్తుంది. స్ట్రిప్ బిగించకముందు చేతిలో టార్చ్ పట్టుకుని అదే కోణంలో వేసి, సుతారితో లోపాలు సరిచేయించండి. వీడియో కాల్స్‌లో ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటే ఈ లైటు మీ వెనక ఉంటుంది కాబట్టి మొహం నల్లగా పడుతుంది, తెర పైన ఎదుటి నుంచి మెత్తని దీపం ఒకటి కావాలి.

ప్రశ్న: నిర్మల్. బొమ్మలు చేసే పొనికి కర్రతో బల్ల వెనక గోడకు ఉబ్బు చెక్కడం చేయిద్దామనుకుంటున్నాం. ఆగుతుందా?

జవాబు: ఆగుతుంది, బరువు మోయమని అడగనంత వరకు. పొనికి చాలా తేలిక, మెత్తన. కత్తికి వెన్నలా తెగుతుంది, అందుకే బొమ్మలకు వాడతారు. అదే మెత్తదనం వల్ల గోటికి గుంట పడుతుంది, స్క్రూ పట్టదు. కుర్చీ వీపు తగిలే ఎత్తులో పెట్టకండి. బల్ల ఎత్తుకు 6 అంగుళాల పైన మొదలుపెట్టి, మోటుగా 15 నుంచి 20 మి.మీ. ఉబ్బు ఉండేట్టు పెద్ద ఆకారాలు ఒకటి రెండే చెక్కించండి. చిన్న పువ్వులు, లతలు నిండుగా వేస్తే దుమ్ము తుడవడమే పని అవుతుంది. ముక్కలను ప్లైవుడ్ పలక మీద అతికించి, ఆ పలకను గోడకు అర అంగుళం దూరంగా బద్దల మీద వేలాడదీయాలి. గోడకు ఆనితే వానాకాలపు తడి, దాంతో చెదలు. పలక వేలాడే మేకులు ప్లైవుడ్‌లోకే దిగాలి, పొనికిలోకి కాదు. రంగు వెనక వైపు కూడా ఒక పూత వేయించండి, ఒక్క ముందు వైపే వేస్తే పలక విల్లులా వంగుతుంది.

ప్రశ్న: హనుమకొండలోనే అద్దె పోర్షన్. గోడకు మేకు కూడా కొట్టనివ్వరు. గొంతు ప్రతిధ్వనిస్తుంది, కాల్స్‌లో అవతలివాళ్లకు వినబడదట.

జవాబు: రెంటికీ ఒకటే ఉపాయం. మడతలు మూడు ఉన్న నిలువు తెర చేయించండి, ఒక్కో మడత 20 అంగుళాల వెడల్పు, 5 ఫీట్ల ఎత్తు, 2×1 అంగుళాల చెక్క చట్రం. చట్రానికి రెండు వైపులా కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలు బిగించి, మధ్యలో పాత బొంత మడిచి వేయండి. పలుచని దర్రీని గోడకు అంటించి వేలాడదీస్తే ప్రతిధ్వని పెద్దగా తగ్గదు, వెనక రెండు అంగుళాల మందం ఉంటేనే పని చేస్తుంది. తెరను తిన్నగా నిలబెడితే పడిపోతుంది. ఒక్కో మడత పక్కదానితో 30 డిగ్రీలకు తగ్గకుండా తిరిగి ఉండాలి, కింద రబ్బరు బిళ్లలు ఉండాలి. కుర్చీ వెనక పెట్టుకోండి. మాట గోడ దాకా పోయి తిరిగొచ్చే దారి అదే, కాల్‌లో మీ వెనక కనబడేదీ అదే. ఇల్లు మారేటప్పుడు మడిచి ఆటోలో పెట్టుకోవచ్చు.